మహమ్మారి నాటి వైద్యవిద్య: కోరంటి దవాఖానా నుండి బీబీనగరు దాకా

హైదరాబాదు నల్లకుంటలోని జ్వరాల ఆసుపత్రిని పాతకాలపు జనము నేటికీ కోరంటి దవాఖానా అనే అంటారు. క్వారంటైన్ అనే ఆంగ్లపదము మన నాలుకపై నలిగి కోరంటి అయింది. 1915లో ఎర్రమంజిల్ వద్ద అంటువ్యాధిగ్రస్థులను వేరుగా ఉంచడానికి వెలసిన ఆ ఆసుపత్రి తరువాత నల్లకుంటకు తరలింది. మా తరము వైద్యవిద్యార్థులు సాంక్రామిక వ్యాధులను నేర్చుకున్నది అక్కడే. నడుమ రంధ్రమున్న కలరా మంచాలు, వాటి క్రింద బకెట్లు, వెలుతురు సోకకుండా తలుపులు మూసిన గదిలో ధనుర్వాత రోగి, ఇవన్నీ పుస్తకములో చదువక ముందే కంట చూశాము. ఒకనాడు మా ఆచార్యులు ఒక పసివాని నోరు తెరిపించి, నాలుకను అదిమి, గొంతులో బూడిదవర్ణపు పొరను చూపించారు. అది డిఫ్తీరియా, అనగా కంఠసర్పి. ఒక్కసారి చూస్తే జన్మలో మరువరని అన్నారు.

చాలా ఏళ్ళ తరువాత నల్గొండ జిల్లాలో ఒక ప్రాథమిక ఆరోగ్యకేంద్రములో ఉండగా, గొంతునొప్పి అని తల్లి ఎత్తుకొచ్చిన బిడ్డ గొంతులో టార్చిలైటు వెలుగున ఆ పొరనే చూశాను. ఆ సాయంత్రమే వారిని కోరంటికి పంపగలిగాను. విద్యార్థిదశలో ఆ మంచము ప్రక్కన నిలబడి ఉండకపోతే నేను ఏదో మాత్ర వ్రాసి ఇచ్చి పంపేవాడిని కాబోలు.

2020 మార్చిలో లాక్‌డౌను విధించిన నాడు, భక్తులు లేక గుట్ట వీధులు బోసిపోయి ఉండగా, నాకు మొదట తట్టిన ఆలోచన ఇదే. ఈ పిల్లలు ఏ మంచము ప్రక్కన నిలబడి నేర్చుకుంటారు?

మన ప్రాంతానికి ఈ ప్రశ్న అందరికంటె గట్టిగా తగిలింది. ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఏనాడూ ప్రభుత్వ వైద్యకళాశాల ఉండేది కాదు. 2019లో నల్గొండలో, సూర్యాపేటలో 150 సీట్ల చొప్పున రెండు కళాశాలలు ఒకేసారి మొదలయ్యాయి. గుట్ట నుండి భువనగిరి మీదుగా హైదరాబాదు పోయే దారిలో, బీబీనగరు ఎయిమ్స్‌లో 50 మందితో తొలి తరగతి ఆ సంవత్సరమే చేరింది. దేశమంతటా కొత్త పాఠ్యప్రణాళిక అమలులోకి వచ్చినది కూడ ఆ సంవత్సరమే. పాత పద్ధతిలో మొదటి ఏడు శవచ్ఛేదనము, శరీరధర్మశాస్త్రము, జీవరసాయనము తప్ప రోగి ముఖము చూసేవారు కాదు. కొత్త పద్ధతిలో మొదటి సంవత్సరము నుండే విద్యార్థిని రోగి వద్దకు తీసుకువెళ్ళాలి. చాలా మంచి సంస్కరణ. కాని ఆ తొలి తరగతికి ఏడెనిమిది మాసాల చదువు పూర్తి అయ్యేసరికి కళాశాలలు మూతపడ్డాయి. ఆ 350 మంది ఇళ్ళకు పోయి, చేతిలోని ఫోనులో పాఠాలు విన్నారు.

శరీరనిర్మాణశాస్త్రము ఫోనులో వినదగిన విద్య కాదు. నాడి, ధమని, సిర ఒకదాని ప్రక్కన ఒకటి ఎలా పోతాయో చెవితో విన్నవానికి తెలిసేది వేరు, ఫార్మలిన్ ఘాటుకు కళ్ళు మండుతుండగా తన చేతితో పొరలు విడదీసినవానికి తెలిసేది వేరు. పైగా తొలి తరగతికి సీనియర్లు ఉండరు. బయటివారికి ఇది చిన్న విషయముగా తోచవచ్చు. రక్తము ఎలా తీయాలో, రోగి బంధువుతో ఎలా మాట్లాడాలో, వార్డులో ఎవరి ప్లీహము చేతికి తగిలేంత పెరిగి ఉన్నదో మాకు చెప్పినది ఆచార్యుల కంటె సీనియర్లే.

మహబూబునగరు కథ మరొక రకము. అక్కడి కళాశాల 2016లో మొదలైంది. ఆ తొలి తరగతి వారికి రోగుల మధ్య గడపవలసిన అంతిమ సంవత్సరమే మహమ్మారికి చిక్కింది. అంటే పాలమూరులో ముగింపు పోయింది, నల్గొండలో ఆరంభము పోయింది.

మా తరము కూడ ఒక ఏడు పోగొట్టుకున్నది. 1969 తెలంగాణ ఉద్యమములో కళాశాలలు నెలల తరబడి మూతపడ్డాయి, విద్యాసంవత్సరము చేజారింది. నేను అప్పుడు కొత్తగా చేరిన విద్యార్థిని. కాని ఆనాడు గడియారమే ఆగిపోయింది. తిరిగి తెరిచాక ఆగినచోటి నుండే సాగాము, శవచ్ఛేదనశాల మాకోసము వేచి ఉన్నట్లే ఉండింది. 2020లో గడియారము ఆగలేదు. తెరమీద పాఠము జరిగింది కనుక పాఠము అయిపోయినట్లే లెక్కించారు. ఈ రెండవదే ఎక్కువ నష్టమని నా అభిప్రాయము.

ఇతర దేశాలలో మహమ్మారులు విద్యార్థులను వార్డుల నుండి బయటకు కాక, వార్డులలోకే నెట్టిన సందర్భాలు ఉన్నాయి. 1918 ఇన్‌ఫ్లుయెంజాలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో వైద్యవిద్యార్థులకు ఒకే ఒక ఉపన్యాసము చెప్పి ఆసుపత్రులకు పంపారు. వారిలో ఒకడైన ఐజాక్ స్టార్ తరువాత పేరొందిన వైద్యుడై, 1976లో ఆ అనుభవాన్ని గ్రంథస్థము చేశాడు. 1952లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగన్‌లో పోలియో ప్రబలి, శ్వాసకండరాలు చచ్చుబడిన పిల్లలు రోజూ బ్లెగ్‌డామ్ ఆసుపత్రికి వచ్చి పడ్డారు. యంత్రాలు చాలలేదు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తువైద్యుడు శ్వాసనాళములో గొట్టము పెట్టి, రబ్బరుతిత్తిని చేతితో నొక్కుతూ ఊపిరి అందించే పద్ధతి చూపాడు. నొక్కడానికి చేతులు కావాలి గదా! సుమారు 1500 మంది వైద్యవిద్యార్థులు వంతులవారీగా, రాత్రింబగళ్ళు, వారాల తరబడి ఆ తిత్తులు నొక్కారు. మరణాలు సగానికి పైగా తగ్గాయి. నేటి ఇంటెన్సివ్ కేరు విభాగాలకు పునాది పడినది అక్కడే.

కోవిడులో మొదట మనము దీనికి విరుద్ధముగా విద్యార్థులను దూరము పెట్టాము. రక్షణకవచాలే చాలని కాలములో అది తప్పు అనలేను. 2021 మే 3న, రెండవ ఉద్ధృతి నడుమ, కేంద్ర ప్రభుత్వము అంతిమ సంవత్సర విద్యార్థులను ఆచార్యుల పర్యవేక్షణలో స్వల్పలక్షణాల రోగులను ఫోనులో కనిపెట్టడానికి వాడుకోవచ్చునన్నది, హౌస్‌సర్జన్లకు కోవిడు విధులు అప్పగించింది. స్నాతకోత్తర ప్రవేశపరీక్ష సెప్టెంబరుకు వాయిదా పడింది.

సికింద్రాబాదు గాంధీ ఆసుపత్రి కోవిడుకే పరిమితమైన మాసాలలో అక్కడ శస్త్రవైద్యము నేర్చుకోవలసిన స్నాతకోత్తర విద్యార్థులు హెర్నియాలు, పిత్తాశయాలు విడిచి ఆమ్లజని గొట్టాలు సవరించారు. మూడేళ్ళ శిక్షణలో అన్ని నెలలు కత్తి పట్టకపోవడము చిన్న లోటు కాదు. దానితోపాటు మరొకటి గమనించాను. కవచము ధరించినవారు స్టెతస్కోపు చెవిన పెట్టుకోలేరు. ముసుగు వెనుక పెదవుల నీలివర్ణము కనబడదు. వేలికి తొడిగే ఆక్సిమీటరు అంకె, సీటీ స్కాను చిత్రము, ఈ రెండే రోగి అయినాయి. నిమిషానికి ఊపిరి ఎన్నిసార్లు తీస్తున్నాడో గడియారము పట్టుకొని లెక్కించడము ఆ రెండేళ్ళలో ఎందరు నేర్చారో!

ఈ చింత మనసున పెట్టుకొనే కొంతకాలము క్రిందట కడుపులో బరువుగా ఉండి బీబీనగరు వెళ్ళాను. నేను వైద్యుడినని చెప్పలేదు. ఒక యువ వైద్యురాలు ముందు తన అరచేతులు రుద్దుకొని వెచ్చచేసుకున్నది. "పెద్దాయనా, మోకాళ్ళు ముడవండి, గట్టిగా ఊపిరి తీయండి" అని, కుడివైపు పొత్తికడుపు నుండి మెల్లగా ఎడమ ప్రక్కటెముకల దాకా చేయి జరుపుకుంటూ వచ్చింది. ప్లీహము కోసము వెతకవలసిన తీరు అదే, తొందరపడి ఎడమవైపే మొదలుపెట్టేవారు పెద్ద ప్లీహాన్ని దాటిపోతారు. ఎప్పుడు చేరావమ్మా అని అడిగాను. 2019 అన్నది. అప్పుడు నా సంగతి చెప్పాను. లేచి నిలబడి, "సార్, మొదటి సంవత్సరము ఇంటివద్దనే గడిచింది. అందుకని చివరి రెండేళ్ళు సాయంత్రము తరగతులు అయ్యాక కూడ వార్డులోనే ఉండేవాళ్ళము" అన్నది. ఆ మాట చెబుతూనే ప్రక్క మంచము వద్దకు పోయింది, అక్కడ ఒక ముసలమ్మ అప్పటికే చేయి చాచి పిలుస్తున్నది.