పిస్టల్ ట్రిగ్గర్ – నూరేళ్ళ చరిత్ర

మన బండారులంకలో చీర కొనే పెద్దవాళ్ళు రంగు చూసి తృప్తిపడరు. చెంగును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని ఒకసారి నలిపి చూస్తారు. నూలు నాణ్యమేమిటో, నేత బిగువెంతో ఆ రెండు వేళ్ళే చెబుతాయి. అలాగే వేలితోనే మంచిచెడ్డలు తేల్చవలసిన వస్తువు మరొకటి ఉన్నది. అది పిస్టల్ ట్రిగ్గర్. నేతగాళ్ళ ఊరి సంచికలో పిస్టల్ సంగతులేమిటని పాఠకులు అనుకోవచ్చును. పోలీసు శాఖలో పనిచేసి రిటైరైనవారు, సైన్యం నుంచి వచ్చి బ్యాంకుల్లో గార్డులుగా చేసినవారు, లైసెన్సు ఆయుధాన్ని ఇంట్లో భద్రపరచుకున్న కుటుంబాలవారు పెన్షనర్లలో లేకపోలేదు. వారికీ, వారి మనుమలకూ కూడా ఈ చరిత్ర పనికివస్తుంది.

ఆయుధాలనగానే మన గోదావరి ప్రాంతంవారికి గుర్తుకు వచ్చేది 1922వ సంవత్సరం. ఆ ఏడు ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై వరుసగా దాడిచేసి ఆయుధాలు పట్టుకుపోయారు. అవి భుజానికి ఆనించి పేల్చే పొడుగు తుపాకులు. స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో పిస్టల్ ప్రసక్తి ఉత్తరాదిన ఎక్కువ. 1928 డిసెంబరు 17న లాహోరులో సాండర్స్‌పై భగత్ సింగ్ ఉపయోగించినదీ, 1931 ఫిబ్రవరి 27న అలహాబాదు పార్కులో చంద్రశేఖర్ ఆజాద్ చివరివరకు చేతపట్టినదీ .32 కోల్ట్ పిస్టళ్ళే. ఆజాద్ పిస్టల్‌ను అలహాబాదు మ్యూజియంలో భద్రపరచారు. ఈ కోల్ట్ పిస్టళ్ళకు రూపకల్పన చేసినవాడు జాన్ మోజెస్ బ్రౌనింగ్ అనే అమెరికన్. తరువాతి కాలంలో మన పోలీసు అధికారుల నడుముకు చేరిన పిస్టల్‌కు కూడా మూలపురుషుడు ఆయనే కావడం విశేషం.

ఇంతకూ సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌లో ట్రిగ్గర్ చేసే పనేమిటి? గుండు పేలగానే ఆ విసురుకు పైనున్న స్లైడ్ వెనక్కు పోతుంది. ఖాళీ తూటాను బయటకు విసిరి, సుత్తిని ఎక్కుపెట్టి, తిరిగి ముందుకు వస్తూ మేగజైన్‌లోని మరో తూటాను గొట్టంలోకి నెడుతుంది. ఇదంతా రెప్పపాటులో దానంతటదే జరిగిపోతుంది. అయితే వేలు ఇంకా ట్రిగ్గర్‌ను నొక్కే ఉంటుంది గదా! అప్పుడు వరుసగా గుండ్లు పేలిపోకుండా, ట్రిగ్గర్‌కూ సుత్తికీ మధ్య సంబంధాన్ని తెంచే చిన్న ముక్క ఒకటి లోపల ఉంటుంది. వేలు సడలించి మళ్ళీ నొక్కితేనే రెండవ గుండు. ఒక నొక్కుకు ఒకే గుండు అన్నదే సెమీ ఆటోమేటిక్ అన్న మాటకు అర్థం.

తెలిసినవారు ట్రిగ్గర్ మంచిచెడ్డలను దశలవారీగా పరీక్షిస్తారు. మొదట కొంతదూరం వదులుగా జరుగుతుంది. తరువాత గోడకు ఆనినట్లు వేలికి ఒక అడ్డు తగులుతుంది. ఆ అడ్డు మీద బరువు పెంచితే ఒకచోట ఠక్కున తెగి గుండు పేలుతుంది. ఆపైన వేలు ఎంత తక్కువ జరిగితే అంత మంచిది. చివరిగా వేలు సడలించినప్పుడు ట్రిగ్గర్ మళ్ళీ ఎక్కడ పట్టుకున్నదో స్పష్టంగా తెలియాలి. తెగే చోట ఇసుకలో ఈడ్చినట్లు గరగరలాడితే ఆ ట్రిగ్గర్ నాసిరకం. ఎండుపుల్ల విరిగినట్లు తెగితే మేలురకం. తేలికగా ఉన్నంత మాత్రాన ట్రిగ్గర్ మంచిదని చెప్పలేము. బరువుగా ఉన్నా నున్నగా, ప్రతిసారీ ఒకేలా తెగే ట్రిగ్గర్‌తో గురి కుదురుతుంది.

ఈ కొలతతో చూస్తే బ్రౌనింగ్ రూపొందించగా 1911లో అమెరికా సైన్యం స్వీకరించిన .45 కోల్ట్ పిస్టల్‌ను ఈనాటికీ ఒరవడిగా చెప్పుకుంటారు. చాలా పిస్టళ్ళలో ట్రిగ్గర్ ఒక సీల మీద ఊగుతుంది. దీనిలో మాత్రం తిన్నగా వెనక్కు జరుగుతుంది. ప్రయాణం తక్కువ, తెగడం స్పష్టం. కాని సుత్తి ఎక్కుపెట్టి ఉంటేనే అది పేలుతుంది. అందుచేత ప్రమాదం లేకుండా బొటనవేలితో వేసే మీట ఒకటి, పిడిని గట్టిగా పట్టుకుంటేనే వదిలే మరొక మీట అమర్చారు. అంటే ఇక్కడ భద్రత చూపుడువేలి మీద కాక బొటనవేలి మీదా, అరచేతి మీదా ఉన్నదన్నమాట.

బ్రౌనింగ్ 1926లో బెల్జియం దేశంలోని లీజ్ పట్టణంలో కన్నుమూశాడు. ఆయన మొదలుపెట్టిన మరో పిస్టల్‌ను ద్యూదొన్నే సైవ్ అనే ఇంజనీరు పూర్తిచేశాడు. 1935లో వెలువడిన ఆ 9 ఎం.ఎం. పిస్టల్ పేరు హై పవర్. మేగజైన్‌లో 13 తూటాలు పట్టేవి. రెండవ ప్రపంచయుద్ధకాలంలో కెనడాలోని ఇంగ్లిస్ కంపెనీ దీనిని తయారుచేసింది. స్వాతంత్ర్యానంతరం ఆ నమూనానే బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ మన సైన్యానికీ, పోలీసులకూ 9 ఎం.ఎం. పిస్టల్‌గా తయారుచేసి ఇచ్చింది.

హై పవర్‌లో ఒక విచిత్రమున్నది. ఫ్రెంచి సైన్యం కోరిక మేరకు, మేగజైన్ తీసేస్తే ట్రిగ్గర్ పనిచేయకుండా ఒక ఏర్పాటు చేశారు. ఆ ముక్క మేగజైన్ గోడకు రాసుకుంటూ జరుగుతుంది గనుక ట్రిగ్గర్ కొంత గరగరలాడుతుంది. గురిపోటీల వాళ్ళు దానిని తిట్టుకుంటారు, కొందరు తీసేయిస్తారు కూడా. కాని ఆ ఏర్పాటు ఉద్దేశం గొప్పది. మేగజైన్ తీయగానే పిస్టల్ ఖాళీ అయిందని మనిషి పొరపడతాడనీ, గొట్టంలో ఒక తూటా మిగిలిపోయి ఉండవచ్చుననీ ముందే ఊహించి చేసినది. వేలికి సుఖం తగ్గినా ప్రాణానికి కాపుదల పెరిగింది.

మరొక దారి జర్మన్లది. 1929లో వచ్చిన వాల్టర్ పి.పి. పిస్టల్‌లోనూ, 1938 నాటి పి-38లోనూ మొదటి గుండుకు ట్రిగ్గర్ చాలాదూరం, చాలా బరువుగా జరుగుతుంది. ఆ ఒక్క నొక్కే సుత్తిని ఎక్కుపెట్టి వదులుతుంది కూడా. రెండవ గుండు నుంచి సుత్తి ఎక్కుపెట్టే ఉంటుంది గనుక ట్రిగ్గర్ పొట్టిగా, తేలికగా మారిపోతుంది. బరువైన మొదటి నొక్కు పొరపాటున పేలకుండా కాపాడుతుందని వారి లెక్క. అయితే మొదటి రెండు గుండ్లకూ వేలు రెండు రకాల బరువులకు అలవాటుపడాలి.

ఈ తేడా లేకుండా చేసినవాడు ఆస్ట్రియాకు చెందిన గాస్టన్ గ్లాక్. 1982లో ఆ దేశపు సైన్యం ఆయన పిస్టల్‌ను ఎంచుకున్నది. దానికి బయట సుత్తి లేదు, బొటనవేలి మీట లేదు. ట్రిగ్గర్ మధ్యలోనే ఒక చిన్న నాలుక ఉంటుంది. వేలు సరిగ్గా దానిపై పడితేనే ట్రిగ్గర్ కదులుతుంది. ప్రతి గుండుకూ ఒకే బరువు, మామూలుగా సుమారు రెండున్నర కిలోలు. తెగడంలో 1911 కోల్ట్ అంత స్పష్టత లేదని కొందరంటారు గాని, నేర్చుకోవడం సులువని ఎన్నో దేశాల పోలీసులు దీనిని తీసుకున్నారు.

అప్పుడు వచ్చింది అసలు వాదం. బరువైన రివాల్వర్లకు అలవాటుపడిన పోలీసుల చేతికి ఇంత తేలిక ట్రిగ్గర్ ఇస్తే ప్రమాదం కాదా? న్యూయార్క్ పోలీసు శాఖ 1993లో సెమీ ఆటోమేటిక్ పిస్టళ్ళకు మారినప్పుడు ట్రిగ్గర్ బరువును 12 పౌన్లకు, అంటే దాదాపు ఐదున్నర కిలోలకు పెంచి పెట్టుకున్నది. కాని అంత బరువు లాగేటప్పుడు చెయ్యి కదిలి గురి తప్పుతుంది. తప్పిన గుండు దారినపోయేవారికి తగలవచ్చును. చివరకు 2021లో కొత్తగా చేరేవారికి తేలిక ట్రిగ్గర్ ఇవ్వాలని ఆ శాఖే నిర్ణయించుకున్నది. ఒక ప్రమాదాన్ని తప్పించబోతే మరొకటి ఎదురైందన్నమాట.

పోటీల్లో ఈ బరువుకు నిబంధనలే ఉన్నాయి. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌కు కనీసం 500 గ్రాములు, 25 మీటర్ల పిస్టల్‌కు కనీసం 1000 గ్రాములు ఉండాలి. ట్రిగ్గర్‌కు అంత బరువుగల గుండు తగిలించి పైకెత్తి చూస్తారు. పేలకుండా బరువు లేచిందా, సరే. 25 మీటర్ల పోటీలో వాడేది .22 సెమీ ఆటోమేటిక్ పిస్టలే. ఈ రంగంలో మన తెలుగునాట పేరు తెచ్చిన అమ్మాయి హైదరాబాదుకు చెందిన ఈషా సింగ్. 2018లో 13 ఏళ్ళ వయసులోనే ఎయిర్ పిస్టల్‌లో సీనియర్ జాతీయ ఛాంపియన్ అయింది. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్ జట్టుతో స్వర్ణమూ, విడిగా రజతమూ సాధించింది. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో మరి రెండు రజతాలు తెచ్చింది. పోలీసు పిస్టల్ ట్రిగ్గర్‌తో పోల్చితే ఆమె నొక్కేది సగం బరువైనా ఉండదు. అంత తేలిక ట్రిగ్గర్ ఆమె చేతిలో క్షేమంగా ఉండడానికి కారణం ఏళ్ళ తరబడి చేసిన సాధన, ఆజ్ఞ వినిపించేవరకు తూటా ఎక్కించనివ్వని రేంజి క్రమశిక్షణ.

నూరేళ్ళ చరిత్ర చెప్పే నీతి ఇదే. ఒకరు భద్రతను బొటనవేలి మీటలో పెట్టారు, ఒకరు బరువులో పెట్టారు, ఒకరు ట్రిగ్గర్ నాలుకలో పెట్టారు. ఏ ఒక్కటీ మనిషి జాగ్రత్తకు బదులు కాలేదు.

కనుక ఇంట లైసెన్సు పిస్టల్ ఉన్నవారు కొన్ని సంగతులు మనసులో ఉంచుకోవాలి. మేగజైన్ తీసినా 1911 కోల్టూ, గ్లాకూ గొట్టంలో మిగిలిన తూటాను పేల్చగలవు. ఖాళీ చేసేటప్పుడు ముందు మేగజైన్ తీయాలి, ఆ తరువాతే స్లైడ్ వెనక్కు లాగి గొట్టాన్ని కంటితో చూడాలి. వరుస తారుమారైతే మేగజైన్ మరో తూటాను గొట్టంలోకి ఎక్కిస్తుంది. ఖాళీ అని తెలిసినా ట్రిగ్గర్ మీద వేలు వేయరాదు, మనిషివైపు తిప్పరాదు. పిస్టల్ ఒకచోట, తూటాలు మరొకచోట తాళం వేసి ఉంచాలి.

1878 నాటి ఆయుధ చట్టం స్థానంలో 1959 చట్టం వచ్చింది. 2019 సవరణ ప్రకారం సాధారణంగా ఒకరికి రెండు ఆయుధాలకు మించి ఉండరాదు. లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి ఐదేళ్ళకు పెరిగింది. వయసు పైబడి చేతివేళ్ళు వణికే పెద్దలు, వాడకంలేని ఆయుధాన్ని బీరువాలో మరచిపోకుండా, పోలీసు స్టేషన్లో గాని లైసెన్సు ఉన్న డీలరు వద్ద గాని అప్పగించడం ఉత్తమం. అది మనుమలకు మనం చేసే మేలు.