ఒక్క షాక్ అబ్జార్బర్ కథ

బైకు కొంటున్నానంటే మనవాళ్ళు అడిగేవి రెండే: ఎన్ని సీసీ, మైలేజీ ఎంత? వెనక షాక్ అబ్జార్బర్ ఊసు ఎవరూ ఎత్తరు. కానీ మోటోక్రాస్ రేసుల్ని మలుపు తిప్పింది అదే.

1970ల మొదట్లో రేసు బైకులకి వెనక అటొకటి ఇటొకటి షాకులుండేవి. చక్రం పైకీ కిందకీ కదిలేది సుమారు 4 అంగుళాలే. గుంట తగిలితే చక్రం గాల్లోకి లేచేది. గాల్లో తిరిగే చక్రానికి ఎంత హార్స్‌పవర్ ఉండి ఏం లాభం?

బెల్జియంకి చెందిన లూసియన్ టిల్కెన్స్ అనే ఇంజనీరు రెండిటి బదులు ఒకే పొడవాటి షాకుని సీటూ, పెట్రోల్ ట్యాంకుల కింద పడుకోబెట్టాడు. దాంతో చక్రం ఎక్కువ దూరం కదలగలిగింది, నేలని అంటిపెట్టుకుంది. మన భాషలో చెప్పాలంటే ప్రాసెసర్ వేగం పెంచలేదు, బాటిల్‌నెక్ తీసేశాడు!

యమహా ఆ హక్కులు కొంది. 1973లో స్వీడన్ రైడర్ హకన్ ఆండర్సన్ ఆ షాకుతో 250 సీసీ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. దానికి యమహా పెట్టిన పేరు మోనోక్రాస్. 2008లో మన దగ్గరకొచ్చిన ఆర్15 ఫీచర్లలో కనిపించిన మాట అదే.

నన్నడిగితే, బండి చూడ్డానికెళ్తే ముందు వంగి వెనక చక్రం వైపు చూడండి. సీసీల సంగతి తర్వాత.