గీతకు అటూ ఇటూ: సీడీ4 కౌంటు కథ

నేను గుంటూరులో డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నాలజీ డిప్లొమా) చదివి, కోస్తాలో ఒక ప్రభుత్వాసుపత్రి ల్యాబులో చేరేనాటికి జ్వరంతో వచ్చిన ప్రతి మనిషి చేతిలో ఒకే రకం చీటీ ఉండేది. టీసీ, డీసీ, ఈఎస్‌ఆర్ (ఎర్రకణాలు అడుక్కి దిగే వేగం). వైరస్ జ్వరమైనా, టైఫాయిడ్ అయినా, ఇంకేదైనా డాక్టరు గారు ముందు అడిగేది ఆ మూడే. ఒంట్లోకి వచ్చిన శత్రువు ఎవరో చెప్పే పరీక్షలు అప్పట్లో మా దగ్గర తక్కువ. ఒళ్లు ఎలా పోరాడుతోందో తెల్లకణాల్ని చూసి ఊహించడమే.

టీసీ అంటే తెల్లకణాల మొత్తం లెక్క. సన్నటి గాజు పిపెట్‌లో 0.5 గీత దాకా రక్తం, ఆపైన 11 గీత దాకా టర్క్ ద్రావణం పీల్చాలి. పీల్చడమంటే పిపెట్‌కి తగిలించిన రబ్బరు గొట్టం నోట్లో పెట్టుకుని పీల్చడమే. రక్తం 20 రెట్లు పలచనవుతుంది. ద్రావణంలోని ఎసిటిక్ ఆమ్లం ఎర్రకణాల్ని కరిగించేస్తుంది, జెన్షియన్ వయొలెట్ తెల్లకణాల కేంద్రకాలకు రంగు పట్టిస్తుంది. ఒక చుక్క న్యూబార్ చాంబర్‌లోకి వదిలి, నాలుగు మూలల గడుల్లో కనబడినవాటిని లెక్కపెట్టి 50తో గుణిస్తే క్యూబిక్ మిల్లీమీటరు రక్తంలో ఎన్ని ఉన్నాయో తేలుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో 4,000 నుంచి 11,000 దాకా ఉంటాయి.

డీసీ ఇంకో పని. స్లైడు మీద రక్తపు చుక్కను పలచగా లాగి, ఆరబెట్టి, లీష్మన్ రంగు పోసి, కడిగి, నూనె చుక్క వేసి పెద్ద లెన్సు కింద చూడాలి. వరసగా 100 తెల్లకణాలు లెక్కపెట్టి ఏ జాతివి ఎన్నో రాయాలి. ఈ విద్యకు మూలపురుషుడు పాల్ ఎర్లిక్. జర్మనీలో బట్టలకు అద్దకానికి తయారైన అనిలిన్ రంగుల్ని ఆయన 1879 ప్రాంతంలో రక్తకణాల మీద వాడి, ఏ కణం ఏ రంగు పట్టుకుంటుందో చూసి జాతులు విడదీశాడు. మేం వాడిన రంగు విలియం లీష్మన్ అనే బ్రిటిష్ సైనిక వైద్యుడు 1901లో కుదిర్చింది. కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో జ్వరం పాలైన సైనికుడి ప్లీహంలో కాలా అజార్ పరాన్నజీవిని చూసి 1903లో ప్రకటించినవాడూ ఆయనే.

స్లైడు మీద వైరస్ కనబడదు. దాని జాడే కనబడుతుంది. మొత్తం కౌంటు 3,000కి దిగి, అందులో లింఫోసైట్ల పాలు పెరిగితే డాక్టర్లు వైరస్‌ని అనుమానించేవారు. ఒక్కోసారి ఆ లింఫోసైట్లు మామూలుకన్నా పెద్దవై, నీలం ముదిరి, పక్కనున్న ఎర్రకణాల అంచుల్ని కౌగిలించుకున్నట్టు వంగి ఉండేవి. 1923లో అమెరికాలో డౌనీ, మెకిన్లీ ఈ వికారపు లింఫోసైట్లను గ్రంథుల జ్వరం వచ్చినవాళ్లలో వివరించారు. డెంగీ రోగుల స్లైడ్లలో అవే నాకెన్నోసార్లు కనిపించాయి.

అయితే వైరస్ మనలోని రోగనిరోధక శక్తినే దెబ్బతీయగలదన్న సంగతి డౌనీకన్నా ముందే, రక్తం చుక్క తీయకుండానే బయటపడింది. వియన్నాలో పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే 1908లో ఒక విచిత్రం రాశాడు. క్షయ సూక్ష్మజీవి ఒంట్లో ఉన్న పిల్లలకు చర్మం మీద ఆ సూక్ష్మజీవి నుంచే తీసిన ట్యూబర్‌క్యులిన్ వేస్తే అక్కడ ఎర్రగా దద్దురు లేవాలి. అదే పిల్లలకు తట్టు వచ్చినప్పుడు వేస్తే ఏమీ లేవడం లేదు. తట్టు తగ్గిన కొన్నాళ్లకు మళ్లీ లేస్తోంది. అంటే తట్టు ఉన్నన్నాళ్లూ శరీరం తన పాత శత్రువును గుర్తుపట్టలేకపోతోంది. ఆ శక్తి ఏ కణాలదో పిర్కేకి తెలిసే వీల్లేదు. లింఫోసైట్ దేనికి పనికొస్తుందో 1950ల చివరిదాకా స్పష్టంగా ఎవరికీ తెలియదు. 1961లో లండన్‌లో జాక్ మిల్లర్ అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల థైమస్ గ్రంథి తీసేసి చూశాడు. వాటిలో లింఫోసైట్లు తగ్గిపోయాయి, పరాయి చర్మం అతికించినా శరీరం దాన్ని తోసిపుచ్చలేదు. అక్కడినుంచే థైమస్‌లో పెరిగే లింఫోసైట్ల, అంటే టీ కణాల, కథ మొదలు.

మాకొచ్చిన చిక్కేమిటంటే, లీష్మన్ రంగులో లింఫోసైట్లన్నీ ఒకే బడి యూనిఫాం వేసుకున్న పిల్లల్లా ఉంటాయి. పోరాటాన్ని నడిపించే హెల్పర్ కణమేదో, వైరస్ సోకిన కణాన్ని చంపేదేదో కంటికి తేడా తెలియదు. ఆ తేడా చూపించే సాధనం 1975లో కేంబ్రిడ్జ్‌లో పుట్టింది. కోలర్, మిల్‌స్టైన్ అనే ఇద్దరు ఒకే గుర్తును పట్టుకునే యాంటీబాడీలను ఎంత కావాలంటే అంత తయారుచేసే పద్ధతి కనిపెట్టారు. ఆ దశాబ్దం ముగిసేలోగా హెల్పర్ కణాల మీది గుర్తును పట్టే యాంటీబాడీ వచ్చింది. ఆ గుర్తుకే తర్వాత సీడీ4 అన్న పేరు స్థిరపడింది. యాంటీబాడీకి మెరిసే రంగు తగిలించి, కణాల్ని ఒక్కొక్కటిగా లేజరు ముందునుంచి పోనిచ్చి లెక్కించే యంత్రాన్ని అప్పటికే స్టాన్‌ఫర్డ్‌లో లెనార్డ్ హెర్జన్‌బర్గ్ బృందం తయారుచేసి ఉంచింది.

సాధనం సిద్ధమైన రెండేళ్లకే దాని అవసరం వచ్చిపడింది. 1981 జూన్ 5న అమెరికా ప్రభుత్వ ఆరోగ్య వారపత్రికలో లాస్ ఏంజెలెస్‌లోని ఐదుగురు యువకులకు అరుదైన న్యుమోనియా వచ్చిందని చిన్న నివేదిక పడింది. ఆ రోగుల్ని చూసిన మైకేల్ గాట్లీబ్ బృందం కొత్త యాంటీబాడీలతో వాళ్ల రక్తం పరీక్షిస్తే హెల్పర్ కణాలు దాదాపు లేనే లేవు. వైరస్ ఇంకా దొరకలేదు, జబ్బుకు పేరు కూడా లేదు. కౌంటే మొదట మాట్లాడింది. వైరస్ సరిగ్గా ఆ సీడీ4 గుర్తునే పట్టుకుని కణంలోకి చొరబడుతుందని 1984లో తేలింది.

మన దేశంలో 1986లో మద్రాసు వైద్య కళాశాలలో సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల సేకరించిన రక్త నమూనాల్లో మొదటిసారి ఆ వైరస్, అంటే హెచ్‌ఐవీ, బయటపడింది. వాటిని వెల్లూరు సీఎంసీలో పరీక్షించారు. ఆ వార్త మా ల్యాబుల్లో తెచ్చిన మొదటి మార్పు నోటితో పిపెట్ పీల్చడం మానడం. అప్పటిదాకా రక్తాన్ని మేం ప్రమాదంగా చూడలేదు. చేతికి తొడుగులు, పిపెట్‌కి రబ్బరు బల్బు, వాడిన సూదికి వేరే డబ్బా అన్నీ ఆ భయం నేర్పినవే. భయంతోపాటు వెలి కూడా వచ్చింది. పాజిటివ్ అని తెలిస్తే మంచం వరండాలోకి జరిపిన వార్డుల్ని చూశాను.

ఎలీసా పరీక్ష వైరస్ సోకిందో లేదో చెబుతుంది. ఒళ్లు ఇంకెంత తట్టుకుంటుందో చెప్పేది సీడీ4 కౌంటు. మామూలు మనిషిలో 500 నుంచి 1,500 దాకా ఉండే ఆ కణాలు హెచ్‌ఐవీ సోకితే ఏళ్ల తరబడి నెమ్మదిగా తరిగిపోతాయి. 200 లోపు పడితే క్షయ, న్యుమోనియా, మెదడు జ్వరాలు మీద పడతాయి. 1993లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ఆ 200 సంఖ్యనే ఈ జబ్బు, అంటే ఎయిడ్స్, నిర్వచనంలో చేర్చింది. 2004 ఏప్రిల్ 1న మన ప్రభుత్వం ఉచితంగా హెచ్‌ఐవీని అణిచే ఏఆర్‌టీ మందులివ్వడం మొదలుపెట్టినప్పుడు, జబ్బు తీవ్రత ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మందు ఎవరికివ్వాలో తేల్చడానికి గీసిన ప్రధానమైన గీత 200.

ఆ గీతకు అటో ఇటో తేల్చే సంఖ్య ఎలా తయారయ్యేదో దగ్గరగా చూడాలి. ఊదారంగు మూత ఉన్న ఎడ్టా ట్యూబులో రక్తం తీస్తాం. దూరపు కేంద్రాల నుంచి నమూనాలు బస్సుల్లో థర్మోకోల్ డబ్బాల్లో వచ్చేవి. ఈ రక్తాన్ని ఐసులో పెట్టకూడదు, మే నెల ఎండకీ వదలకూడదు, 48 గంటల్లోగా యంత్రమెక్కించాలి. మేలు చేద్దామనుకుని ఐసుముక్కలు సర్ది పంపిన డబ్బాలు తెరిచి, అవి పనికిరావని చెప్పి మళ్లీ రక్తం అడగాల్సి వచ్చేది. యంత్రం తాలూకు రీఏజెంట్ ట్యూబులో 50 మైక్రోలీటర్ల రక్తం వేసి, కలిపి, చీకట్లో గంటసేపు ఉంచాలి. వెలుతురు తగిలితే మెరిసే రంగు మాసిపోతుంది. ట్యూబులో ముందే లెక్కపెట్టి వేసిన మెరుపు పూసలుంటాయి. వాటి లెక్కతో కణాల లెక్క పోల్చి యంత్రం ఒక సంఖ్య అచ్చు వేస్తుంది.

ఆ సంఖ్య గాలివాటుది కాదు, అలాగని రాతిమీద గీతా కాదు. సీడీ4 పొద్దున తక్కువ, సాయంత్రానికి ఎక్కువ. మామూలు వైరస్ జ్వరమొచ్చినా కొన్నాళ్లు దిగుతుంది. గర్భిణుల్లో రక్తం పలచనై తక్కువ చూపిస్తుంది. అయిదేళ్లలోపు పిల్లల్లో కౌంటు సహజంగానే ఎక్కువ కాబట్టి శాతం చూడాలి. ఒకే ట్యూబు రక్తాన్ని రెండుసార్లు నడిపినా రెండు జవాబులూ అచ్చంగా కలవవు. పొద్దున 190 వచ్చిన మనిషికి సాయంత్రం 220 రావచ్చు. మందు దొరకడం, దొరకకపోవడం ఆ తేడాలో పడిపోయేది.

లారీ డ్రైవరు భార్య ఒకామె ఉండేది. భర్త అప్పటికే పోయాడు. ఆమెకు చెప్పుకోదగ్గ జబ్బేమీ లేదు, కౌంటు 218. కొన్ని నెలలాగి మళ్లీ పరీక్షకు రమ్మన్నారు. కాగితం మడిచి పట్టుకుని మా కిటికీ దగ్గరకొచ్చింది.

“తగ్గలేదంటున్నారక్కా. మందియ్యాలంటే ఇంకెంత తగ్గాలి?”

“రెండొందల కిందికి రావాలమ్మా.”

“తగ్గేదాకా తిండి మానెయ్యనా?”

ఆమె నిజంగానే అడిగింది. కౌంటు పడిపోకూడదని చెప్పేదీ మేమే, పడితేనే మందని చెప్పేదీ మేమే. ఆ తర్వాత ఆమె వచ్చినప్పుడు క్షయ వచ్చి ఉంది, కౌంటు 64. ముందు క్షయకు మందులు, తర్వాత ఏఆర్‌టీ మొదలుపెట్టారు. ఆమె బతికింది. గీతకు పైన ఆగిపోయి, కిందికి దిగాక రాలేకపోయినవాళ్లు చాలామంది ఉన్నారు.

గీత గీసినవాళ్లు దయలేనివాళ్లని నేననను. అప్పటి మందులు ఖరీదైనవి, కొన్ని విషపూరితమైనవి. స్టావుడిన్ వాడినవాళ్ల బుగ్గలు పీక్కుపోయి చూడగానే తెలిసిపోయేది. అందుకే మందు ఆలస్యంగా మొదలుపెట్టడమే మేలని ప్రపంచమంతా అనుకున్నారు. 2001లో మన దేశపు మందుల కంపెనీ సిప్లా ఏడాది మందుల్ని 350 డాలర్లకే ఇస్తానని ముందుకొచ్చాక ధరలు కూలాయి. హెటిరో, అరబిందో లాంటి హైదరాబాదు కంపెనీలు ఆఫ్రికా దేశాలకు సైతం ఈ మందులు పంపే స్థాయికి ఎదిగాయి. మందులు చవకై, మెత్తనయ్యేకొద్దీ గీత పైకి జరిగింది: 200 నుంచి 350కి, తర్వాత 500కి. చివరికి 2015లో స్టార్ట్ అనే అధ్యయనం 35 దేశాల్లో 4,685 మంది మీద లెక్క తేల్చింది. కౌంటు 500 పైన ఉండగానే మందు మొదలుపెట్టినవాళ్లలో, 350కి పడేదాకా ఆగినవాళ్లకన్నా తీవ్ర జబ్బులు, మరణాలు సగానికి పైగా తగ్గాయి. 2017లో మన దేశం గీతను పూర్తిగా చెరిపేసింది. హెచ్‌ఐవీ ఉందని తేలితే చాలు, కౌంటు ఎంతున్నా మందు.

సీడీ4 పరీక్ష దాంతో పోలేదు. సరైన చోటికి చేరింది. ఆలస్యంగా వచ్చి 200 లోపు ఉన్నవాళ్లకు కోట్రైమాక్సజోల్ ఇవ్వాలనీ, క్షయ కోసం, మెదడుకు సోకే ఫంగస్ కోసం వెతకాలనీ అదే చెబుతుంది. మందు పనిచేస్తోందో లేదో చూడటం రక్తంలో వైరస్ ఎంతుందో కొలిచే వైరల్ లోడ్ పరీక్ష వంతు. ఒకప్పుడు తలుపు మూయడానికి వాడిన సంఖ్య ఇప్పుడు ఎవర్ని ముందు లోపలికి పిలవాలో చెబుతోంది.

ఈ చరిత్ర ఇప్పుడెందుకంటే, కరోనా తర్వాత రక్త పరీక్షల కాగితాలు ఇంటింటికీ వచ్చాయి. 2021 వేసవిలో లింఫోసైట్లు, సీఆర్‌పీ, డీ-డైమర్ అంకెల్ని జనం ఫోన్లలో ఒకరికొకరు చదివి వినిపించుకున్నారు. సీఆర్‌పీ 1930లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో న్యుమోనియా రోగుల రక్తంలో దొరికిన పాత పదార్థమే. అది మంట ఉందని చెబుతుంది తప్ప ఎక్కడో, ఎందుకో చెప్పదు. లింఫోసైట్లు బాగా పడిపోవడం ప్రమాద సూచనే, అయితే ఊపిరి ఎలా ఉందో, ఆక్సిజన్ ఎంతుందో చూడకుండా ఆ ఒక్క అంకెతో ఏదీ తేల్చలేం. ఇప్పుడు జలుబొచ్చి తగ్గినవాళ్లకు కూడా ఇమ్యూనిటీ ప్యాకేజీలంటూ పరీక్షలు అమ్ముతున్నారు. హెచ్‌ఐవీ లేని మనిషికి జ్వరంలో సీడీ4 చూస్తే, తాత్కాలికంగా తగ్గిన అంకె కనబడి నిద్ర చెడుతుంది, అంతే.

నన్నడిగేవాళ్లకు ఒకటే చెబుతాను. రక్తం ఇచ్చేముందు డాక్టరు గారిని అడగండి: ఈ అంకె తక్కువొస్తే ఏం చేస్తారు, ఎక్కువొస్తే ఏం చేస్తారు? రెండింటికీ ఒకటే జవాబైతే ఆ పరీక్ష అక్కర్లేదు. రిపోర్టులో రక్తం తీసిన వేళ రాయించుకోండి, అప్పుడు జ్వరముందేమో చెప్పండి. పాత రిపోర్టు దాచుకోండి, ఎందుకంటే ఒక్క అంకెకన్నా రెండు అంకెల మధ్య నడక ఎక్కువ చెబుతుంది.

గీత ఉన్న ఆ ఏళ్లలో మా యంత్రాలు తప్పు చేయలేదు. 218 అంటే 218 అనే రాశాం. గీతే తప్పు చోట ఉంది, దాన్ని పూర్తిగా చెరపడానికి పదమూడేళ్లు పట్టింది. రోగుల గోప్యత కోసం మా రిజిస్టర్లలో పేర్లకు బదులు నంబర్లు రాశాం కాబట్టి, గీతకు పైన నిలబడి ఎదురుచూసినవాళ్ల జాడ ఏ పుస్తకానికీ సులువుగా దొరకదు. రక్త పరీక్షల చరిత్ర రాసేవాళ్లు ఎర్లిక్‌నీ లీష్మన్‌నీ రాసినంత శ్రద్ధగా వాళ్లనీ రాయాలి. కౌంటు ఎవరికోసం తీస్తున్నామో ల్యాబులో కొత్తగా చేరే పిల్లలకు నేర్పేది ఆ అధ్యాయమే.