ఇంద్రవెల్లి: తుపాకీ పేలక ముందే జరిగిన తప్పులు



ఏప్రిల్ 20 వస్తే మనం ఇంద్రవెల్లి స్థూపం ఫొటోలు పెట్టుకుంటాం. ఆ రోజు పోలీసులు కాల్పులు జరిపారని మనందరికీ తెలుసు. అయితే విషయం కాల్పుల దాకా ఎలా పోయిందో మాత్రం తక్కువగా మాట్లాడుకుంటాం. అసలు నేర్చుకోవాల్సింది అక్కడే ఉంది.

1981 ఏప్రిల్ 20, సోమవారం. ఇంద్రవెల్లిలో సంత రోజు. గిరిజన రైతు కూలీ సంఘం సభ పెట్టింది. అడిగింది కొత్తదేమీ కాదు. మన భూములకు పట్టాలు ఇవ్వాలి, చేజారిన భూములు తిరిగి రావాలి, పంటకు సరైన ధర కావాలి. 1/70 చట్టం వచ్చి అప్పటికి పదకొండేళ్లు. అయినా భూములు పోతూనే ఉన్నాయి.

సభకు మొదట అనుమతి ఇచ్చారు, తర్వాత రద్దు చేశారు. 144 సెక్షన్ పెట్టారు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఫోన్లు లేని రోజులవి. దూరం గూడేల నుంచి నడిచి వచ్చే గోండులకు ఆ రద్దు సంగతి ఎవరు చెప్పాలి? సంతకు వచ్చినోళ్లెవరు, సభకు వచ్చినోళ్లెవరు అని ఎట్లా తేలుస్తారు? జనాన్ని దారిలో ఆపారు, తోపులాట మొదలైంది. మొదట ఎవరు చేయి చేసుకున్నారన్నది ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చెబుతారు. చివరికి తుపాకులు పేలాయి. చనిపోయింది 13 మంది అని ప్రభుత్వం చెప్పింది. పౌరహక్కుల సంఘాలు అంతకు చాలా రెట్లు ఎక్కువన్నాయి.

అప్పటి చట్టం ఏం చెప్పింది? 144 ఉత్తర్వు రాతపూర్వకంగా, కారణాలతో ఉండాలి, జనానికి తెలిసేలా ప్రకటించాలి. గుంపును ముందు చెదిరిపొమ్మని ఆదేశించాలి, వినకపోతేనే బలం వాడాలి. ఇప్పటి కొత్త చట్టంలోనూ ఇదే వరస. కానీ ఆదేశం అర్థం కాని భాషలో వస్తే అది హెచ్చరిక ఎట్లా అవుతుంది? గోండి తెలిసిన ఒక మనిషి, ఊరి పటేళ్లతో ముందే ఒక మాట, వెనక్కి పోవడానికి తెరిచి ఉంచిన ఒక దారి, కొంచెం ఓపిక. ఉద్రిక్తత తగ్గించడం అంటే ఇవే. వీటికి పెద్ద ఖర్చేం కాదు.

ఇది మనకు మొదటిసారీ కాదు. 1940లో జోడేఘాట్ దగ్గర కొమరం భీం, ఆయన సహచరులు నిజాం పోలీసుల తూటాలకు బలయ్యారు. ఆ తర్వాతే నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను మన గూడేలకు పంపింది, ఆ తర్వాతే పట్టాలు కదిలాయి. చావుల తర్వాత విన్న మాటను ముందే వినుంటే?

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సభ పెట్టేటప్పుడు అనుమతి కాగితం జేబులో ఉంచుకోండి. రద్దు చేశామంటే రాతపూర్వక ఉత్తర్వు అడగండి. అధికారులతో మాట్లాడేటోళ్లను, గోండి, కొలామీ, లంబాడీ నుంచి తెలుగులోకి చెప్పేటోళ్లను ముందే ఎంచుకోండి. మనలో రేపు ఎస్సైలు, తహసీల్దార్లు అయ్యేవాళ్లు కూడా ఉన్నారు. మీరు లాఠీ పట్టిన రోజు, ముందు మన భాషలో ఒక మాట మాట్లాడండి.

ఇంద్రవెల్లి అమరులకు జోహార్లు.