ధ్రువ హిమఫలకాలు – సముద్రమట్టపు అంచనాలు: ఒక చారిత్రక పరిశీలన

వాతావరణ మార్పులపై అంతర్‌ప్రభుత్వ సంఘం (ఐపిసిసి) 2007 నాటి నాలుగవ నివేదికలో, ఈ శతాబ్దపు చివరి దశాబ్దానికి సముద్రమట్టం 18 నుండి 59 సెంటీమీటర్ల వరకు పెరగవచ్చునని పేర్కొన్నది. మంచు ప్రవాహంలో రాగల వేగవంతమైన మార్పులను ఈ అంకెలలో చేర్చలేదని ఆ పట్టిక శీర్షికలోనే తెలియజేసింది. అంకెలు పొందినంత ప్రచారం ఆ షరతు పొందలేదు. షరతు ఎందుకు అవసరమైందన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న.

మంచు ఘనపదార్థమే అయినా తన బరువుకు తానే మెల్లగా ప్రవహిస్తుంది. ప్రతిబలం రెట్టింపయితే మంచు వికృతి చెందే వేగం సుమారు ఎనిమిది రెట్లవుతుందని 1950లలో జాన్ గ్లెన్ ప్రయోగాల ద్వారా నిరూపించాడు. తరువాతి నమూనాలకు ఇదే పునాది. అయితే మంచు నేలను విడిచి సముద్రంపై తేలడం మొదలయ్యే సరిహద్దు ఎటు కదులుతుందో చెప్పడానికి ఈ సూత్రం ఒక్కటే చాలదు.

అసలు చిక్కు పశ్చిమ అంటార్కిటికాలో ఉంది. అక్కడి మంచులో అధికభాగం సముద్రమట్టానికి దిగువనున్న శిలాతలంపై ఆని ఉంది. చాలాచోట్ల ఆ తలం లోపలికి పోయేకొద్దీ మరింత లోతవుతుంది. ఇటువంటి చోట సరిహద్దు ఒకసారి వెనక్కి జరిగితే, మరింత మందమైన మంచు మరింత వేగంగా సముద్రంలోకి జారి, సరిహద్దును ఇంకా వెనక్కి నెడుతుందని 1974లో జోహన్నెస్ వీర్ట్‌మాన్ వాదించాడు. 1978లో జాన్ మెర్సర్ 'నేచర్' పత్రికలో, ఈ హిమఫలకం నశిస్తే సముద్రం 5 మీటర్లు పెరుగుతుందని హెచ్చరించాడు. (2009లో జొనాథన్ బాంబర్ బృందం దీనిని 3.3 మీటర్లకు తగ్గించింది.) అంటార్కిటిక్ ద్వీపకల్పపు అంచున తేలే మంచు విచ్ఛిన్నం కావడం హెచ్చరిక సూచనలలో ఒకటని కూడా మెర్సర్ చెప్పాడు. 1995లో ఆ ద్వీపకల్పంలోని లార్సెన్-ఎ విరిగిపోయింది. 2002లో 35 రోజులలో లార్సెన్-బి నుండి సుమారు 3,250 చదరపు కిలోమీటర్ల మంచు ముక్కలైంది. అప్పటికే తేలుతున్నది కనుక దానివల్ల సముద్రం నేరుగా పెరగలేదు. కాని గడియ తీసిన తలుపులా, వెనుకనున్న హిమానీనదాలు వేగం పుంజుకున్నాయి. అప్పటి నమూనాలు ఈ వేగాన్ని లెక్కించలేకపోయాయి. షరతుకు మూలం ఇదే. లెక్కించలేనిదాన్ని చేర్చకపోవడం నిజాయితీయే. కాని పట్టికలో లేని అంకెను పాఠకుడు సున్నాగా చదువుకుంటాడు.

అదే 2007లో క్రిస్టియన్ షూఫ్ సరిహద్దు వద్ద ప్రవాహానికి కట్టుదిట్టమైన గణితరూపం ఇచ్చాడు. 2016లో డికాంటో, పోలార్డ్‌లు ఎత్తైన మంచుచరియలు కూలే ప్రక్రియను నమూనాలో చేర్చి, ఉద్గారాలు తగ్గకపోతే 2100 నాటికి అంటార్కిటికా ఒక్కటే మీటరుకు పైగా పెంచగలదన్నారు. ఈ ప్రక్రియ లేకుండానే పూర్వయుగాల సముద్రమట్టాలను వివరించవచ్చునని 2019లో టామ్సిన్ ఎడ్వర్డ్స్ బృందం చూపించింది. 2021లో డికాంటో బృందమే తన అంచనాను బాగా తగ్గించుకుంది.

2021 నాటి ఐపిసిసి నివేదిక, అత్యధిక ఉద్గారాల స్థితిలో 2100 నాటికి 0.63 నుండి 1.01 మీటర్ల పెరుగుదలను సంభావ్యమని పేర్కొని, 2 మీటర్లకు చేరే అవకాశాన్ని తోసిపుచ్చలేమన్నది. 2007లో శీర్షికకు పరిమితమైన విషయం ఈసారి రేఖాచిత్రంలో విడిగా, ఒక తెగిన గీతగా కనిపిస్తుంది.