గుహ, కిక్రి, నాదం: ఆదిలాబాద్ గోండు మౌఖిక సంప్రదాయంలో ఆవరణ – ధ్వని సంబంధం

తెలుగులో కట్టడాల ధ్వని ప్రస్తావనకు వస్తే చర్చ సాధారణంగా గోల్కొండ దగ్గరే ఆగిపోతుంది. బాలాహిస్సార్ ద్వారం దగ్గర గుమ్మటం కింద చరిచిన చప్పట్లు కొండపైన వినిపించడం నిజమే. అయితే మూసి ఉన్న చోటుకూ నాదానికీ గల సంబంధానికి ఉత్తర తెలంగాణలో మరో రకమైన ఆధారం ఉంది. అది మౌఖిక సాహిత్యంలో ఉంది.

రాజ్ గోండుల పుట్టుక కథలో దేవతలు కొండ గుహలో బందీలవుతారు. వారిని విడిపించి నాలుగు, ఐదు, ఆరు, ఏడు దైవాల సగాలుగా ఏర్పరచినవాడు పహండి కుపార్ లింగాల్. మహారాష్ట్రలోని కచార్‌గఢ్ ప్రాంతపు పాఠంలో హీరాసుక వాయించిన కింగ్రి నాదానికి గుహ వాకిలిని మూసిన బండ కదులుతుంది. ఆ బండ కిందే అతడు ప్రాణం విడుస్తాడు. ఆదిలాబాద్‌లో ఈ వాద్యాన్ని కిక్రి అంటారు. గోండుల వంశచరిత్రలు పాడే పర్ధాన్ల చేతిలో ఉండేది ఇదే.

కిక్రి మూడు తీగల వాద్యం. తొలిచిన కొయ్య డొల్లకు తోలు కప్పి, గుర్రపు వెంట్రుకల కమానుతో వాయిస్తారు. తీగ ఒంటరిగా కదిలించే గాలి చాలా స్వల్పం. కంపనం తోలుకూ డొల్లలోని గాలికీ చేరినప్పుడే చెవికి ఆనే నాదమవుతుంది. బోలు పాత్ర ఏ స్థాయికి ఎక్కువగా స్పందిస్తుందో దాని ఘనపరిమాణం, తెరపు నిర్ణయిస్తాయని హెల్మ్‌హోల్ట్జ్ 1863 నాటి గ్రంథంలో వివరించాడు. కరీంనగర్ ఒగ్గు కథకులు ఆరుబయట డోళ్లు, తాళాల హోరుతో పాడగలరు. కిక్రికి ఆ బలం లేదు, గాయకుని గొంతు దాని స్థాయికి ఒదగవలసిందే.

ఇక గుహ. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలంలోని జంగుబాయి క్షేత్రం గుహాలయమే; పుష్యమాసంలో గోండులు దీపాలతో లోపలికి వెళ్తారు. నున్నని వంపు గోడ ధ్వనిని ఒకచోటికి కూడగడుతుంది, లేదా తన వెంట నడిపిస్తుంది. బీజాపూర్ గోల్ గుంబజ్ వంటి గుసగుసల మందిరాలపై సి.వి. రామన్ 1920ల ఆరంభంలో చేసిన పరిశీలనలు ఈ రెండో ధర్మానికి సంబంధించినవి. ఎగుడుదిగుడు రాతిగోడ మాత్రం ధ్వనిని చెదరగొడుతుంది. కాబట్టి గోల్కొండ వివరణను యథాతథంగా జంగుబాయి గుహకు తగిలించడం పొరపాటు. 1895లో హార్వర్డ్ ఉపన్యాస మందిరంలో సేబైన్ కుర్చీల మెత్తలు చేరుస్తూ, తీస్తూ ప్రయోగాలు ఆరంభించాడు. ఘనపరిమాణం పెరిగితే నాదం నిలిచే కాలం పెరుగుతుందనీ, శోషణ పెరిగితే తగ్గుతుందనీ ఆ కృషి తేల్చింది. మనుషుల దేహాలు, బట్టలు కూడా శోషకాలే.

ఫ్రాన్స్‌లోని చిత్రగుహల్లో బొమ్మలున్న చోట్లకూ నాదం బాగా మోగే చోట్లకూ పొంతన ఉందని రెజ్నికాఫ్, దోవ్వా 1988లో ప్రతిపాదించారు. ఆ పద్ధతి ఆకర్షణీయమే. కానీ జంగుబాయి గుహ దీపారాధన స్థలం. కథలో కిక్రి మోగింది కనుక ఈ గుహను నాదం కోసమే ఎంచుకున్నారనడానికి కథ ఒక్కటే చాలదు.

హైమెండార్ఫ్ 1941లో ఆదిలాబాద్‌లో క్షేత్రకార్యం మొదలుపెట్టి, 1948లో రాజ్ గోండులపై గ్రంథం ప్రచురించాడు. అప్పటినుండి పర్ధాన్ల పాఠానికి దక్కిన శ్రద్ధ కిక్రి డొల్ల లోతుకు, కొయ్య మందానికి, తోలు బిగువుకు దక్కలేదు. వాయించే చేయి ఆగితే పాఠం నోటుపుస్తకంలో మిగులుతుంది. గొంతు ఏ స్థాయికి ఒదిగిందో మిగలదు. వాద్యం కొలతలు ఇప్పుడైనా తీసుకోవచ్చు. గుహ విషయం వేరు. ఖాళీ గుహలో తేలిన విలువ పుష్యమాసంలో భక్తులు వినే ధ్వని కాదు. జాతర రోజుల్లో కొలవాలంటే పరికరం లోపలికి రావచ్చో లేదో తేల్చవలసినది కటోడాలు.