బొబ్బిలి, పద్మనాభం: భయం వెనుక చరిత్ర

పాత కోట దిబ్బ, యుద్ధం జరిగిన బయలు, పేరులేని సమాధి - పొద్దుగూకాక అటు పోవద్దని పల్లెల్లో పెద్దలు పిల్లలకు చెబుతుంటారు. చదువుకున్నవాళ్ళం మూఢనమ్మకమని కొట్టిపారేస్తాం. దయ్యం లేదనడం సులభమే. అక్కడ అంతమంది ఎందుకు చచ్చారో చెప్పినప్పుడే చరిత్రకారుని పని పూర్తవుతుంది. ఉత్తరాంధ్రలో రెండు యుద్ధభూములను చూద్దాం.

1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ బొబ్బిలి కోటను ఫిరంగులతో ముట్టడించాడు. విజయనగర ప్రభువు పెద విజయరామరాజు అతని పక్షాన ఉన్నాడు. రెండు వంశాల పౌరుషగాథగా దీన్ని చెప్పుకోవడం మనకు అలవాటు. కాని 1753లో ఉత్తర సర్కారులు ఫ్రెంచివారికి దక్కింది వారి సైన్యం ఖర్చు నిమిత్తం. ఆ శిస్తును ఇజారాకు తీసుకున్నవాడు విజయరామరాజు. అతనికి పొరుగువాణ్ణి తొలగించుకొనే ఫిరంగి దొరికింది. బుస్సీకి శిస్తు వసూలుచేసిపెట్టే మిత్రుడు దొరికాడు.

కోట నిలవదని తేలాక రంగారావు ఆజ్ఞపై ఇళ్ళకు నిప్పుపెట్టారు. స్త్రీలను, పిల్లలను స్వజనమే చంపారు. మూడవ రాత్రి విజయరామరాజు తన డేరాలో హతుడయ్యాడు; చంపినవాడు తాండ్ర పాపారాయుడని ప్రసిద్ధి. కథాగానాల్లో పాపారాయుడు, మల్లమ్మదేవి నిలిచారు. చావు సమ్మతమో కాదో ఎవరూ అడగని సామాన్య స్త్రీల పేర్లు నిలవలేదు.

37 ఏళ్ళ తరువాత, 1794 జూలై 10న, పద్మనాభం. ఆ ఊరు నేడు విశాఖ జిల్లాలోది. నాడు విజయనగర సంస్థానంలోది. ఫ్రెంచివారి స్థానంలోకి అప్పటికే ఈస్టిండియా కంపెనీ వచ్చింది. పేష్కష్ బకాయిల పేరిట జమీందారీని స్వాధీనం చేసుకొని, నెలకు 1200 రూపాయల భరణం మీద చిన విజయరామరాజును మద్రాసు పొమ్మంది. ఆయన పోలేదు. కర్నల్ ప్రెండర్‌గాస్ట్ సిపాయిలు దాడిచేశారు. గంటలోపే రాజూ, ఆయన అనుచరులు దాదాపు 300 మందీ నేలకొరిగారు. అటుపిమ్మట కంపెనీ కుమారుడు నారాయణబాబుతో రాజీపడింది: జమీందారీని కుదించి, ఏటా 6 లక్షల పేష్కష్‌కు తిరిగి ఇచ్చింది. ఆ 6 లక్షలూ రైతు కళ్ళంలోనుంచే రావాలి.

వీరుల ధైర్యాన్ని ఎవరూ కాదనరు. అయితే రెండు చోట్లా విదేశీయుల తుపాకి శిస్తు లెక్క వెంటే నడిచింది. జమీందారీలు 1948 చట్టంతో రద్దయ్యాయి. బొబ్బిలి వీరులకు స్మారకస్తంభం ఉంది. పేరులేకుండా పోయినవారికి మాత్రం పల్లెవాళ్ళ భయమే మిగిలింది. ఆ భయాన్ని పరిహసించే ముందు అది ఎవరిని గుర్తుపెట్టుకొన్నదో మనం విద్యార్థులకు చెప్పాలి.